చక్రం చప్పుడు చేస్తే తగ్గించకండి, పెంచండి

కారు చక్రం దగ్గర తెలియని చప్పుడు మొదలైతే ఎవరినడిగినా ఒకటే చెబుతారు: మెల్లగా, మంచి రోడ్డు చూసుకుని, నేరుగా మెకానిక్ షెడ్డుకు పోవాలి. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. వెంటనే షెడ్డుకు పోకండి. మంచి రోడ్డు వెతకకండి. చప్పుడు తగ్గేలా నడపకండి, ఇంకా గట్టిగా మోగేలా నడపండి. రోగం ఎక్కడుందో తెలుసుకోవడానికి మీ చేతిలో ఉన్న ఆధారం ఆ చప్పుడొక్కటే. షెడ్డు ముందు బండి ఆగగానే అది మాయమవుతుంది. మెకానిక్ ఒకసారి బండి చుట్టూ తిరిగి చూసి, "బేరింగ్ పోయినట్టుంది సార్" అంటాడు. పోయి ఉండొచ్చు. అరిగిన టైరైనా అయి ఉండొచ్చు. ఆగి ఉన్న చక్రాన్ని చూసి చెప్పడం ఎవరికైనా కష్టమే. అట్లా వేలు పెట్టి చూపిన సామానుకల్లా డబ్బు పోస్తూ పోతే చివరికి బండి సగం కొత్తదవుతుంది, చప్పుడు మాత్రం పాతదే ఉంటుంది.

కానీ కొన్ని చప్పుళ్లతో ఈ పని చేయకూడదు. అవేమిటో ముందే చెప్పాలి, ఇక్కడ తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. పంక్చర్ వేయించుకున్న తర్వాతనో, టైర్లు మార్పించిన తర్వాతనో చక్రం దగ్గర దడదడ మొదలై స్టీరింగ్ ఊగుతుంటే వీల్ నట్లు వదులై ఉండొచ్చు. ఒక్క కిలోమీటరు కూడా పోవద్దు. పక్కకు ఆపి డిక్కీలోని వీల్ పానా తీయండి. ఒక నట్టు తర్వాత దాని పక్కదాన్ని కాకుండా ఎదురుగా ఉన్నదాన్ని బిగించాలి. చక్రం నేల మీద ఆనిన తర్వాతే చివరి బిగింపు. యాభై నుంచి నూరు కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడాలి. బ్రేక్ తొక్కితే ఇనుము ఇనుమును గీరుతున్నట్టు వినిపిస్తే ప్యాడ్ల మీది మందం అయిపోయిందన్నమాట, ఆ బండితో ప్రయోగాలు చేయొద్దు. టైరు పక్కన ఉబ్బు కనిపిస్తే వెంటనే స్టెప్నీ వేయండి. పాలమూరు ఊళ్లలో రోడ్డు మీద ఆరబోసిన కందికట్టె, ఉలవకట్టె తొక్కి వచ్చాక కారు అడుగున సరసరమంటే ఆపి, వంగి చూడండి. కట్టె షాఫ్ట్‌కు చుట్టుకుని, సైలెన్సర్ గొట్టం వేడికి అంటుకుని కాలిపోయిన కార్లున్నాయి.

ఇవేవీ కావని తేలితే మొదటి పని, ప్లాస్టిక్ వీల్ కవర్లు నాలుగూ ఊడబీకి డిక్కీలో వేయడం. బండి అందం పోతుందని ఆలోచించకండి. సగం విరిగిన క్లిప్పుతో ఊగే కవర్ చేసే చప్పుడు మరే సామానైనా చేసినట్టు వినిపిస్తుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద సరిగ్గా ఇరవై కిలోమీటర్ల వేగంలో నడుపుతూ టిక్ టిక్‌లు లెక్కపెట్టండి. చిన్న కారు టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం తక్కువ, కాబట్టి ఆ వేగంలో చక్రం సెకనుకు దాదాపు మూడుసార్లు తిరుగుతుంది. టిక్కులు కూడా మూడే పడితే, తిరిగే చక్రం మీద ఒకచోట ఏదో ఉంది: గాడిలో ఇరికిన కంకర రాయో, మేకో. రాయైతే స్క్రూడ్రైవర్‌తో తీసేయండి. మేకైతే అక్కడికక్కడ పీకకండి, పంక్చర్ షాపు దాకా దాన్ని అట్లాగే ఉండనివ్వండి.

కంకర పరిచి తారు పోయని రోడ్లు మన దగ్గర తక్కువేం కాదు. అటు పోయి వచ్చాక ఉన్నట్టుండి కర్ర్‌మని చెవులు చిల్లులు పడే కీచు మొదలవుతుంది. కొత్తగా కారు కొన్నవాళ్లు దీనికి బెదిరిపోయి బండిని టోయింగ్ మీద పంపిస్తారు. వెనక్కి నడపండి. అవును, రివర్స్ గేరు వేసి, వెనకాల ఎవరూ లేరని చూసుకుని, నాలుగైదు గజాలు మెల్లగా పోయి ఆగండి, మళ్లీ ముందుకు రండి. బ్రేక్ డిస్క్ వెనక పల్చటి రేకు ఒకటి ఉంటుంది. ఆ రేకుకూ డిస్క్‌కూ మధ్య చింతగింజంత రాయి ఇరుక్కుంటే చేసే గోల అది. ముందుకు తిరిగే డిస్క్ దాన్ని లోపలికి లాగి బిగిస్తుంది, వెనక్కి తిప్పితే చాలాసార్లు అదే జారి పడిపోతుంది. రెండు మూడుసార్లు చేసినా పడకపోతే చక్రం విప్పి, ఆ రేకును వేలితో కొంచెం అవతలికి వంచితే రాయి కింద పడుతుంది. డిస్క్ మీద మిగిలిన సన్నటి గీతలు కొన్నాళ్ల బ్రేకులకు నునుపవుతాయి. వానలో రాత్రంతా నిలబెట్టిన బండి తెల్లారి మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరలాడితే అది డిస్క్ మీది తుప్పు, దానికసలు ఏమీ చేయొద్దు.

ఇక అసలు తగాదా గుర్రు దగ్గర. యాభై దాటాక మొదలై వేగంతో పాటు పెరిగే గుర్రు. బేరింగ్ అరిగినా అదే పాట, టైరు ఎగుడుదిగుడుగా అరిగినా అదే పాట. చేయి తిరిగిన మెకానిక్కులు కూడా ఇక్కడ పొరబడతారు. ఈ రెంటినీ విడదీయాలంటే రోడ్డును మార్చాలి, వేగాన్ని మార్చొద్దు. తారు రోడ్డు మీద వస్తూ ఊరి సీసీ రోడ్డు ఎక్కండి. గుర్రు స్వరం మారితే టైరు మీద అనుమానం. మారకుండా అదే గొంతుతో సాగితే బేరింగ్ మీద. తర్వాత అరచేతిని టైరు మీద అడ్డంగా, ఆపైన ముందుకూ వెనక్కూ నిమరండి. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు రంపం పళ్లలా తగిలితే ఆ చేయే సగం రోగం చెప్పేసినట్టు. అప్పటికీ సందేహముంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. చప్పుడు కూడా ముందు నుంచి వెనక్కి పోతే బేరింగ్ మీద ఒక్క రూపాయి పెట్టొద్దు. అలైన్‌మెంట్, షాక్ అబ్జార్బర్లు చూపించండి, టైరును అట్లా అరగదీసేది చాలాసార్లు అవే.

చప్పుడు అక్కడే ఉండిపోతే ఇప్పుడు వంపులు వెతకండి. దేవరకొండ వైపు పోయే రోడ్డు మీద తెల్లవారుజామున ఖాళీ దొరుకుతుంది. కారు ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, కుడికి తిరిగితే ఎడమ చక్రాల మీద. కుడికి తిప్పినప్పుడు గుర్రు పెరిగి ఎడమకు తిప్పినప్పుడు తగ్గితే ఎడమ పక్క బేరింగ్ అరిగిందనుకోవచ్చు. నేరు రోడ్డు మీద ఒకసారి న్యూట్రల్‌లో పెట్టి చూడండి. ఇంజిన్ చప్పుడు దిగినా గుర్రు దిగకపోతే అది చక్రాలదే. ఈ న్యూట్రల్ పరీక్ష చదును మీద మాత్రమే, ఇంజిన్ ఆపకుండా మాత్రమే. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో దిగుతూ ఎవరూ చేయొద్దు. అక్కడ గేరులో ఉన్న ఇంజిన్ బండిని పట్టి ఉంచాలి, లేకపోతే భారమంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి.

చివరి మాట చేతిదే. షెడ్డులో బండిని జాకీ మీద, స్టాండు మీద నిలిపించి, అనుమానమున్న చక్రాన్ని చేత్తో తిప్పమనండి. మీరు చేతిని కాయిల్ స్ప్రింగ్ మీద ఆనించండి. మంచి బేరింగ్ అయితే స్ప్రింగ్‌లో ఏమీ తెలియదు. అరిగినదైతే సన్నటి ఇసుక నలుగుతున్నట్టు వణుకు వేళ్లకు పాకుతుంది. చెవికి చిక్కనిది కూడా ఈ వేళ్లకు చిక్కుతుంది. రెండు చక్రాలకూ చేసి పోల్చి చూడండి, ఒకసారి తెలిశాక మర్చిపోరు.

మన పెద్దలకు ఈ వినికిడి ఉండేది. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ ఒకప్పుడు ఆముదం బాగా పండిన జిల్లాలు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవారు. ఇరుసు కీచుమనడం మొదలైతే కందెన అయిపోయిందని తోలేవాడికి తెలిసిపోయేది. ఇరుసులో గోళీలు పెట్టి తిప్పే బేరింగ్ పద్ధతికి వేల్స్‌లో ఫిలిప్ వాన్ అనే ఆయన 1794లో పేటెంటు తీసుకున్నాడు, అది కూడా గుర్రపు బండ్ల కోసమే. ఇప్పటి కార్లలో చాలావాటికి బేరింగ్ సీలు వేసి, గ్రీజు లోపలే ఉండి వస్తుంది. కందెన పెట్టే పని పోయింది, వినే పని మాత్రం మనకే మిగిలింది.

గతుకుల్లో మాత్రమే కటకటలాడే చప్పుడుంటే గతుకుల్లోకే పోవాలి. ఇరవై లోపు వేగంలో స్పీడ్ బ్రేకర్‌ను నేరుగా కాకుండా ఏటవాలుగా ఎక్కించండి, ఒక్కో చక్రం విడిగా ఎక్కి దిగుతుంది. ఏ చక్రం దిగినప్పుడు మోగిందో అక్కడి లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ బుష్ చూడాలి. మలుపులో టకటకమంటే అంగడి లేని రోజున అంగడి స్థలంలోకి పోయి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు కోసి, మెల్లగా రేస్ ఇస్తూ గుండ్రంగా తిరగండి. టకటక పెరిగితే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్. వంగి చూస్తే చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది, రబ్బరు బూట్ చిరిగినట్టే. బూట్ చిరిగిన తొలినాళ్లలోనే పట్టుకుంటే బూట్, గ్రీజు ఖర్చుతో పోతుంది. దుమ్ము చేరి జాయింట్ అరిగాక బూట్ మార్చి లాభం లేదు.

స్టీరింగ్ మీరు పట్టుకుని వినకండి. డ్రైవింగ్ వచ్చిన ఇంటి మనిషికి ఇచ్చి, మీరు వెనక సీట్లో ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన కూర్చోండి. అద్దాలు దించి, గోడ పక్కగా పోనివ్వండి. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల ప్రహరీలు దీనికి పుట్టినట్టుంటాయి, చక్రం చప్పుడు గోడకు కొట్టుకుని నేరుగా చెవిలో పడుతుంది. ఆ దిక్కు నాట్ల కాలంలో ఇంకో చిక్కుంది. కేజ్‌వీల్ ట్రాక్టర్లు పొలం నుంచి రోడ్డెక్కించిన బురద మన రిమ్ము లోపలికి చేరి ఎండి గడ్డకడుతుంది. ఎనభై దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్‌కు డబ్బిచ్చే ముందు రిమ్ము లోపలి వైపు నీళ్లు కొట్టి కడగండి.

ఇంత చేశాక షెడ్డుకు పోండి. అక్కడ రోగం పేరు మీరు చెప్పకండి, విన్నది చెప్పండి. "అన్నా, యాభై దాటినంక మోగుతది. కుడికి తిప్పితే పెరుగుతది, ఎడమకు తిప్పితే తగ్గుతది. న్యూట్రల్ల పెట్టినా ఆగది. టైర్లు ముందూ వెనక మార్పించిన, చప్పుడు ముందుపక్కనే ఉన్నది." ఇట్లా చెబితే ఏ మెకానిక్కైనా పని ఆపి మీ వైపు తిరుగుతాడు. బేరింగ్ అని పేరు చెబితే బేరింగే విప్పుతాడు.

బేరింగ్ మార్చాల్సి వస్తే ఒక్కటి అడగండి: ప్రెస్ ఉందా? చాలా చిన్న కార్లలో ముందు బేరింగ్ నకిల్‌లో బిగుతుగా కూర్చుంటుంది. సుత్తితో కొట్టి దింపితే కొత్త బేరింగ్ లోపలి గోళీల దారికి సొట్టలు పడి కొన్నాళ్లకే మళ్లీ గుర్రుమంటుంది. ప్రెస్ లేకపోతే నకిల్ విప్పి, ఉన్న చోటికి పంపించమనండి, ఒక పూట ఆలస్యమైనా సరే. పాత బేరింగ్ అడిగి తీసుకుని చేతిలో తిప్పి చూడండి. గరుకు తెలియకపోతే, డబ్బు కట్టే ముందే మెకానిక్‌ను బండెక్కించుకుని ఆ వంపుల రోడ్డుకే, అదే వేగంలో తీసుకుపోండి.