స్కానర్ దర్శనానికి సిఫారసు లేఖ

లినక్స్ కంప్యూటర్‌లో మామూలు యూజర్‌కున్న స్వేచ్ఛ చూస్తే కళ్లు చెమర్చాల్సిందే. పెళ్లి వీడియో, పిల్లల ఫొటోలు, సగం రాసిన నవల అన్నీ ఒక్క ఆర్ఎం కమాండ్‌తో తుడిచిపెట్టుకోవచ్చు, ఎందుకని అడిగే నాథుడుండడు. అదే మనిషి పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేయబోయాడో, వ్యవస్థ ఉలిక్కిపడి లేస్తుంది. సొంత ఆస్తి తగలబెట్టుకోవడానికి అక్కర్లేని అనుమతి, కాగితం వంక చూడ్డానికి కావాలి!

పోనీ స్కానర్ కనపడలేదా అంటే, తగిలించిన పరికరాలు చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ జాబితాలో నంబరుతో సహా కొలువై ఉంది. స్కానింగ్ వ్యవహారాలు చూసే 'సేన్'ని అడిగితే మాత్రం స్కానర్లేవీ లేవు పొమ్మంటుంది. అదే ప్రశ్న ముందు సర్వాధికారాలిచ్చే 'సుడో' తగిలించి చూడండి, "లేకేం, ఇదిగో" అంటూ ఎదురొస్తుంది. యంత్రం మారలేదు, వైరు మారలేదు, అడిగినవాడి హోదా మారిందంతే. ఎమ్మెల్యే లేఖతో దొరికే బ్రేక్ దర్శనం కాదూ ఇది?

లేఖ లేని భక్తులకు సలహాలకేం కరువు లేదు. పరికరం ఫైలు మీద అందరికీ హక్కిచ్చే సీహెచ్‌మాడ్ 666 కొట్టమంటారొకరు. వైరు ఊడదీసి మళ్లీ పెట్టగానే యూఎస్‌బీ నంబరు మారిపోతుంది, పాత వరం చెల్లదు. 'స్కానర్' గ్రూపులో చేరమంటారు ఇంకొకరు. చేరినా, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా సభ్యత్వం అమల్లోకి రాదు. ఆ ముక్క గ్రూపులో చేర్చే కమాండ్ నోటివెంట రాదు. మూడో పెద్దమనిషి ప్రోగ్రాంనే సర్వాధికారి అయిన రూట్‌గా తెరవమంటాడు. అప్పుడు సేవ్ అయిన ఫైలూ రూట్ సొత్తే. మీ పాస్‌బుక్ నకలులో మీరు ఓ గీత కూడా దిద్దలేరు.

న్యాయంగా చెప్పాలంటే ఈ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదలైంది ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకునే కాలంలో. ఇవాళైనా, ఎక్కడినుంచో లాగిన్ అయినవాడు మీరు స్కానర్ గాజు మీద మరిచిపోయిన కాగితాన్ని చదవకూడదు కదా.

అయితే దీనికి విరుగుడు ఎప్పుడో వచ్చింది. పరికరాల్ని చూసుకునే యూడెవ్ నియమాల్లో 'యూయాక్సెస్' గుర్తు తగిలిస్తే చాలు, యంత్రం ముందు కూర్చుని లాగిన్ అయినవారికి స్కానర్ మీద హక్కు దానంతటదే వస్తుంది. వేరొకరు కూర్చుంటే వారికి మారుతుంది. సేన్‌తో వచ్చే నియమాల ఫైలులో మీ మోడల్ ఉంటే ఏ సిఫారసూ అక్కర్లేదు. లేకపోతే కంపెనీ నంబరు, మోడల్ నంబరు వేసి ఒక్క వరుస రాయాలి.

ఆ వరుస రాయాల్సింది స్కానర్ కొన్నవాడు కాదు, డ్రైవర్ ప్యాకేజీ కట్టినవాడు. అయ్యా తయారీదారులూ, డిస్ట్రో పెద్దలూ, దాన్ని ప్యాకేజీలోనే పెట్టి పంపండి. పాఠకులారా, అందాకా ఎవరు చెప్పినా రూట్‌గా మాత్రం స్కాన్ చేయకండి.