గోడ లోపల ఏముందో లాప్‌టాప్‌కేం తెలుసు?

మా రోజుల్లో ఇల్లు చూడడానికి మేస్త్రి వచ్చేవాడు. చెప్పులు బయట విడిచి, తాపీ తిరగేసి, పిడితో గోడను కొట్టుకుంటూ అర్రలన్నీ తిరిగేవాడు. ఒకచోట ఆగి "ఈడ గుల్లబోయింది, వానలు పడకముందే జూసుకోండ్రి" అని చెప్పి, చాయ తాగి పోయేవాడు. ఫీజు లేదు, ఫైలు లేదు.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి మనుమడు దిగాడు. వాడి ఫోనుకు కెమెరా పక్కన లేజరు కన్ను ఉందట. దర్వాజ నుంచి పెరడు దాకా గోడలకు హారతి పట్టినట్టు తిప్పాడు. వెలుతురు గోడకు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి అది దూరం లెక్కగడుతుంది. చుక్కలు చుక్కలుగా ఇల్లంతా తెర మీద పడుతుంది. ఆ చుక్కల మీద లాప్‌టాప్‌లో రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో గోడలు గీస్తే బిమ్ నమూనా, అంటే వివరాలన్నీ ఉన్న ఇంటి కంప్యూటర్ బొమ్మ. "గోడ మీద నొక్కితే మందం, ఎత్తు, దేంతోటి కట్టిండ్రో అన్నీ చెప్తది తాతా" అన్నాడు. దేంతో కట్టారో దానికెవరు చెప్పారు? వీడే. వీడికెవరు చెప్పారు? నేనే!

తెర మీద మా ఇల్లు చూస్తే ఒళ్లు మండింది. గోడలన్నీ తిన్నగా ఉన్నాయి. నిజానికి మా ఇంట్లో ఏ మూలా మూలమట్టానికి నిలవదు. పడమటి గోడ నడుమ ఉబ్బింది. చుక్కల్లో ఆ ఉబ్బు కనిపిస్తోంది, వీడు గీసిన గోడలో లేదు. అడిగితే "గంత చిన్న తేడా పట్టించుకోం తాతా" అన్నాడు. అసలు రోగమంతా ఆ తేడాలోనే ఉంది.

మా దిక్కు పాత రాతిగోడ ఒకటి కాదు, రెండు. బయట ఒక వరస, లోపల ఒక వరస, నడుమ మట్టీ చిన్న రాళ్లూ. రెంటినీ పట్టి ఉంచడానికి గోడ మందమంతా పొడుగున్న రాయి అక్కడక్కడ అడ్డంగా పెట్టాలి. చేతిలో డబ్బు తక్కువైతే ముందు ఎగిరిపోయేది అదే. తర్వాత నీళ్లు దిగి, వరసలు విడిపోయి గోడ ఉబ్బుతుంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో భూమి కదిలితే కుప్పకూలినవి ఎక్కువగా ఇలాంటి గోడలే, వాటి మీద బరువైన మట్టి కప్పులు. 10 వేల మంది దాకా పోయారు. అదేమీ పరాయి దేశం కాదు, మా అల్లాదుర్గ్ మీదుగా నాందేడ్ పోయే 161వ నంబరు రోడ్డు సాగేది ఆ మహారాష్ట్రకే. ఆ తర్వాత ఇంజనీర్లు చెప్పిన మందు ఏమిటంటే, గోడకు సుమారు మీటరుకొక రంధ్రం చేసి, కొసలు వంచిన ఇనుప చువ్వ పెట్టి కాంక్రీటు నింపడం, ఇంటి చుట్టూ బెల్టు కట్టడం. దీనికి లాప్‌టాప్ ఎందుకు?

పైగా కొత్త విద్య అని మురిసిపోతారు. చార్లెస్ ఈస్ట్‌మన్ అనే అమెరికా ఆచార్యుడు ఈ బిమ్ ఆలోచనను 1975లోనే రాసిపెట్టాడు.

అయితే మా మేస్త్రి ఒక్క గీతయినా కాగితం మీద పెట్టలేదు. ఏ గోడలో అడ్డరాయి ఉందో, ఏ దూలం చెదలు పట్టిందో ఆయన తలలోనే ఉండేది, ఆయనతోనే పోయింది. నడిమి గోడ తీస్తే ఏ దూలం గాల్లో వేలాడుతుందో మనుమడి బొమ్మలో ముందే కనబడుతుంది. ఆ మాట కాదనను. మట్టి మిద్దె దింపి అదే గోడల మీద స్లాబు పోద్దామన్న మా కొడుకును ఆపింది కూడా ఆ బొమ్మే. గోడలు మోయవని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే వినలేదు గానీ, తెర మీద ఆ గోడలు ఎర్రరంగులో కనబడగానే విన్నాడు!

పాత ఇళ్లు బాగు చేయించుకునే మా ఊరివాళ్లకు చెప్పేది ఒకటే. ముందు ఇంట్లో ఉన్న ముసలివాళ్లను అడగండి, ఉబ్బిన చోట ఒక రాయి ఊడదీయించి లోపల చూడండి. లాప్‌టాప్ ఆ తర్వాత తెరవండి.