ముప్ఫై సెకన్లు

మా పిన్ని కొడుక్కి ఫోను మోగదు. ఎప్పుడూ మోగకపోతే ఏదో ఒకటి చేసి బాగుచేయించుకోవచ్చు. ఇది అలా కాదు. మధ్యాహ్నం మోగుతుంది, రాత్రి మోగదు. సోమవారం సాయంత్రం మోగదు, శనివారం సరిగ్గా అదే వేళకు గణగణా మోగుతుంది. ఒకసారి చేస్తే ఉలుకూ పలుకూ లేని ఫోను, వెంటనే ఇంకోసారి చేస్తే పలుకుతుంది. నెలల తరబడి ఇదే వరస.

పిన్ని తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. బాబాయి పోయాక ఇంట్లో ఒక్కతే. తమ్ముడు మైండ్‌స్పేస్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాడు, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో హాస్టల్లో ఉంటాడు. సాయంత్రం దీపం పెట్టి, వంటిల్లు సర్దుకున్నాక కొడుకుతో రెండు మాటలు మాట్లాడితే గాని ఆమెకు రోజు ముగిసినట్టుండదు. వాట్సాప్ జోలికి పోదు. నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, వాడు ఎత్తేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఎత్తకపోతే మళ్ళీ చెయ్యదు. తమ్ముడు రాత్రి పదిన్నరకి మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తే, మందులు వేసుకున్న మనిషి అప్పటికే నిద్రపోయి ఉంటుంది. తెల్లారి అడిగితే వాడు చెప్పేది ఒకటే మాట: “నిజంగా మోగలేదమ్మా.” వాడు అబద్ధం చెప్పడం లేదు. ఆమె అనుమానించనూ లేదు.

ఒక్కసారి చేసి ఊరుకోవడం ఆమె తరం మర్యాద. 2003 మే నెల దాకా సెల్‌ఫోనుకు కాల్ వస్తే ఎత్తినవాళ్ళు కూడా డబ్బు కట్టుకోవలసి వచ్చేది. మనం చేస్తే అవతలివాళ్ళకి ఖర్చు, పనిలో ఉంటే విసుగు, అన్న జంకు ఆ రోజుల్లో ఫోను పట్టుకున్నవాళ్ళ వేళ్ళలో ఇంకా ఉండిపోయింది. ఇన్‌కమింగ్ ఉచితమై ఇన్నేళ్ళయినా రెండోసారి నొక్కడానికి పిన్నికి చెయ్యి రాదు. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

నాది టెలికాం సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. మా వాళ్ళలో ఎవరి ఫోను మొరాయించినా చివరికి నా దగ్గరికే వస్తుంది. ఇదీ వచ్చింది, కానీ అన్నీ అయ్యాక వచ్చింది. అప్పటికే తమ్ముడు సిమ్ మార్పించాడు. ఫోర్‌జీ మీద ఉన్న ఫోను కాల్ రాగానే పాత నెట్‌వర్కులోకి దిగవలసి వస్తే ఆ మారేలోపు కాల్ జారిపోవచ్చని ఎవరో చెబితే, వోల్టీ ఆన్ చేసి ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. *#21# నొక్కి కాల్స్ ఇంకెక్కడికైనా మళ్ళుతున్నాయేమో చూశాడు. లేదు. స్పామ్ కాల్స్ ఆపే యాప్ తీసేశాడు. రెండు సిమ్‌ల ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది అందకుండా పోతుందని రెండో సిమ్ బయటికి లాగేశాడు. సర్వీస్ సెంటర్ వాళ్ళు ఫోను మొత్తం రీసెట్ చేస్తామన్నారు. ఆఫీసు ప్రొఫైలూ, ఓటీపీ యాప్‌లూ మళ్ళీ ఎక్కించుకోవాలంటే వారం రోజులు ఐటీ వాళ్ళ చుట్టూ తిరగాలి, అందుకని ఒప్పుకోలేదు. ఒక ఆదివారం ఆబిడ్స్ వెళ్ళి జగదీష్ మార్కెట్‌లో చూపించాడు. అక్కడి కుర్రాడు స్పీకర్ జాలీ శుభ్రం చేసి, తన ఫోను నుంచి కాల్ చేసి, అది మోగడం విని, “దీనికేం లేదన్నా” అని డబ్బులు తీసుకోకుండా పంపేశాడు.

ఆ కుర్రాడు చెప్పింది నిజం. ఇలాంటి తంటాతో ఉన్న చిక్కే అది. ఎవరు పరీక్షించినా తీరిక చూసుకునే పరీక్షిస్తారు. తీరిక ఉన్న వేళ ఈ ఫోనుకు ఏ లోపమూ లేదు.

మైండ్‌స్పేస్ అద్దాల మీద నాకు కొంత అనుమానం ఉండేది. ఎండ వేడి లోపలికి రాకుండా ఆ అద్దాలకు పూసే సన్నటి లోహపు పూత సిగ్నల్‌ని కూడా పలచన చేస్తుంది. అందుకే పెద్ద భవనాల్లో లోపలే చిన్న చిన్న యాంటెన్నాలు పెడతారు. సిగ్నల్ తంటా అయితే దాన్ని కనిపెట్టడం తేలిక. ఫోను మోగలేదన్నప్పుడు ఫోను ఉన్నవాణ్ణి అడిగితే ఏమీ తెలియదు, చేసినవాళ్ళకు ఏం వినిపించిందో అడగాలి. పిన్నికి ఫోన్ చేసి అడిగాను.

“ఏం వినపడుద్దిరా, మోగుతానే ఉంటది. చివరిదాకా మోగి ఆగిపోద్ది.”

చాలా విలువైన మాట అది. ఫోను సిగ్నల్‌లో లేకపోతే మోత వినపడదు, అందుబాటులో లేరని చెబుతుంది. చేసినవాళ్ళ చెవిలో ట్రింగుమంటోందంటే, అవతలి ఫోను దాకా కాల్ చేరింది, ‘మోగుతున్నాను’ అని ఆ ఫోను నెట్‌వర్కుకు కబురు కూడా పంపింది అని అర్థం. అద్దాలకూ సిమ్‌కూ సంబంధం లేదు. కబురు పంపి కూడా ఫోను నోరు మూసుకుని ఉంటోంది. లోపం ఫోను లోపలే ఉంది.

పిన్నికి మూడు చప్పుళ్ళు నేర్పాను. అందుబాటులో లేరని వస్తే సిగ్నల్ లేదని. చివరిదాకా మోగి ఆగితే కాల్ చేరింది కానీ అక్కడ ఎవరూ ముట్టుకోలేదని. మధ్యలోనే తెగిపోయి బిజీగా ఉన్నారని వస్తే అవతల ఎర్ర బటన్ నొక్కారని. చివరిదాకా అంటే ఎంతసేపని అడిగింది. కంపెనీలు ఒకదాన్ని చూసి ఒకటి ఆ మోత కుదించుకుంటూ పోతే, 2019 నవంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అడ్డుపడి సెల్‌ఫోనుకు 30 సెకన్లు, ల్యాండ్‌లైనుకు 60 సెకన్లు అని ఖాయం చేసింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూసుకోమన్నాను. ఏ రోజు ఎన్నింటికి చేసిందీ, ఏం వినపడిందీ రాసి పెట్టమన్నాను. పాల లెక్కల నోటుబుక్కులో వెనక పేజీల నుంచి మొదలుపెట్టింది. మా ఆఫీసులో ఇంత శ్రద్ధగా లాగ్ రాసేవాళ్ళు తక్కువ. నిజంగా చెబుతున్నాను, ఆ పుస్తకం చూసినప్పుడు నాకు ఆమె మీద ఉన్న గౌరవం ఇంకో మెట్టు పెరిగింది.

నోటుబుక్కులో ఒకచోట లెక్క మారిపోయింది. అక్టోబరంతా సాయంత్రం ఏడుకీ ఎనిమిదికీ మధ్య చేసిన కాల్స్ పక్కన ‘30, ఎత్తలేదు’ అని ఉంది. శని ఆదివారాల్లో అదే వేళకు ఎత్తాడు. నవంబరు మొదటి ఆదివారం దాటాక ఏడుంబావుకి చేసినవన్నీ ఎత్తాడు. ఎనిమిది దాటాక చేసినవి మోగడం మానేశాయి. అంటే మోగని వేళ ఉన్నపళంగా ఒక గంట ముందుకు జరిగింది.

సిమ్ములకూ స్పీకర్లకూ తేదీలు తెలియవు. ఆ ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. 2007 నుంచి అక్కడి చట్టం అదే: మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదిన్నరకు పెట్టుకున్న మీటింగ్ అక్టోబరులో మనకు సాయంత్రం ఏడింటికి వస్తే, ఆ ఆదివారం తర్వాత ఎనిమిదింటికి వస్తుంది. 1998 నవంబరు 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ ఎక్కువగా రాళ్ళ గుట్టలే ఉండేవి. ఇప్పుడు అక్కడి నుంచి రాయదుర్గం దాకా లక్షలమంది రాత్రి ఎప్పుడు తింటారో, క్యాబ్ ఎప్పుడు ఎక్కుతారో ఇంకో దేశపు గడియారం చెబుతోంది. ఆ గడియారం తెనాలి దగ్గర పాల లెక్కల పుస్తకంలోకి కూడా వచ్చింది.

తమ్ముణ్ణి మా కొండాపూర్ ఇంటికి పిలిచి ఫోను తెరిపించాను. సెట్టింగ్స్‌లో డు నాట్ డిస్టర్బ్. ప్రకటనల కాల్స్ వద్దని 1909కి మెసేజ్ పెట్టుకునే డీఎన్‌డీ వేరు. ఇది ఫోనును మౌనంగా ఉంచేది. దాని లోపల షెడ్యూల్స్ అని ఉంటుంది. అందులో ఒకటి: క్యాలెండర్‌లో మీటింగ్ ఉన్నంతసేపూ ఫోను నోరు మెదపకూడదు. ఎప్పుడో క్లయింటు ముందు ఫోను మోగి ఇబ్బంది పడ్డప్పుడు తమ్ముడే పెట్టి మర్చిపోయాడు. మీటింగ్ మొదలవగానే అదే ఆన్ అవుతుంది, మీటింగ్ అయిపోగానే అదే ఆఫ్ అవుతుంది. మీటింగ్‌లో ఉన్నవాడు ల్యాప్‌టాప్ చూస్తాడు గానీ ఫోను మూలన చిన్న గుర్తు చూడడు. మీటింగ్ రద్దయిన రోజు ఫోను మోగుతుంది. వాడి క్యాలెండర్ ఎంత గజిబిజిగా ఉందో ఫోను తంటా కూడా అంత గజిబిజి.

రెండోసారి చేస్తే ఎందుకు మోగుతోందో కూడా అక్కడే దొరికింది. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండో కాల్ వస్తే మౌనం పక్కన పెట్టి మోగాలని ఆ సెట్టింగ్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. అత్యవసరమైనవాళ్ళు వెంటవెంటనే చేస్తారని తయారుచేసినవాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ లోను కావాలా అని అడిగేవాళ్ళు వెంటవెంటనే చేస్తారు. అడ్రసు దొరకని డెలివరీ అబ్బాయి చేస్తాడు. కొడుకు పనిలో ఉంటాడేమోనని ఒక్కసారితో ఆగిపోయే తల్లికి ఆ తలుపు తెరుచుకోదు.

దాని కింద, మీటింగ్‌లో ఉన్నా సరే మోగవలసినవాళ్ళ జాబితా ఉంది, చుక్క గుర్తు పెట్టుకున్న నంబర్లది. ఆన్‌కాల్ నంబరు, టీమ్ లీడ్, క్లయింటు వైపు మేనేజరు. అంతే.

తమ్ముడు ఆ జాబితా కేసి కాసేపు చూశాడు. నేనేమీ అనలేదు. వాడే ‘అమ్మ’ పేరు తెరిచి చుక్క పెట్టాడు. “ఛ, ఇది ముందే చెయ్యాల్సింది అన్నయ్యా” అన్నాడు. గొంతు పట్టేసింది. చెడ్డవాడు కాదు. మర్నాడు ఎనిమిదింటికి వాడు మీటింగ్‌లో ఉండగా పిన్ని చేత ఫోన్ చేయించాను. మోగింది. మీటింగ్‌లోంచి లేచి వచ్చి మాట్లాడాడు కూడా. ఆ పూట పిన్ని సంతోషం ఇంతా అంతా కాదు. నేను ఆ పని ముగిసిందనుకున్నాను.

సంక్రాంతికి ఊరెళ్ళాను. రిలీజ్ ఉందని తమ్ముడు రాలేదు. పిన్ని అరిసెలు వత్తుతూ మా అమ్మతో మాట్లాడుతోంది. పొయ్యి దగ్గర కూర్చుని అడిగాను, “తమ్ముడి ఫోను ఇప్పుడు బాగా మోగుతోందా పిన్నీ?”

“బాగా మోగుతంది నాన్నా. ఎప్పుడు చేసినా మోగుతంది.” చేతి పిండి దులుపుకుని, పాల లెక్కల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. రాయడం మానలేదు. ‘30’ అన్న అంకె ఎక్కడా లేదు. 8, 6, 9, 5. పేజీ తిప్పితే 4, 4, 3.

“నాలుగు సెకన్లకే తెగిపోద్ది. బిజీగా ఉన్నారంటది ఆ పిల్ల. మధ్యలో తెగిందంటే వాడే ఎర్ర బటన్ నొక్కాడని నువ్వేగా చెప్పింది.” పుస్తకం తీసుకుని మూసేసింది. “ముందు మోగనప్పుడు ఫోను పాడైందనుకుని నిమ్మళంగా పడుకునేదాన్ని. నీకు తెలిసిన పనేగా పెద్దోడా, దాన్ని మళ్ళీ అట్టాగే పాడు చేసి పెట్టవా?”