ఇంటిపేరులో ఊరు

ఇటలీలో టస్కనీ కొండల మీద వోల్టెర్రా అనే పాత ఊరుంది. ఊళ్లో ఉన్నంతకాలం ఎవరినీ వోల్టెర్రా వాడని పిలవరు, అందరిదీ ఆ ఊరే కదా. ఊరు దాటాకే ఆ పేరు వెంటబడుతుంది. మన ఇంటిపేర్లూ చాలావరకు ఇలా వలసపోయినవాళ్లకు అంటుకున్నవే. ఒకప్పుడు వోల్టెర్రాలో ఉండి తర్వాత వేరే ఊళ్లకు తరలిన ఓ యూదు కుటుంబానికీ ఆ పేరు అలాగే వచ్చింది.

ఆ వంశంవాడే గణితవేత్త విటో వోల్టెర్రా. ఆయన 1860లో పుట్టింది అంకోనాలో. ఆయన అల్లుడు ఉంబెర్టో డి'అంకోనా, అంటే అంకోనా వాడు, పుట్టింది మాత్రం ఫ్యూమేలో! ఈ అల్లుడు ఏడ్రియాటిక్ చేపల లెక్కలు ముందు పెడితే, వేటాడే చేపలూ వాటి నోట పడే చేపలూ ఎలా పెరిగి తరుగుతాయో మామగారు సమీకరణాలు కట్టిచ్చారు. జీవశాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ వాటితో కుస్తీ పడుతున్నారు.

1915లో ఇటలీ ఆస్ట్రియా మీద యుద్ధానికి దిగేనాటికి వోల్టెర్రాకు 55 ఏళ్లు. సెనేటరు, పేరుమోసిన ప్రొఫెసరు. ఇంటిపట్టున ఉండి ఉపన్యాసాలు ఇచ్చుకుంటే ఎవరూ కాదనేవారు కారు. ఆయన సైన్యంలో చేరారు. గాలి ఓడల మీంచి ఫిరంగులు పేల్చే లెక్కలు చూశారు, వాటిలో తానూ ఎగిరారు. ఫాసిస్టుల కాలంలో మాత్రం మొండికేశారు. 1931లో ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చేయమంటే, పన్నెండు వందలకు పైగా ఉన్న ప్రొఫెసర్లలో ససేమిరా అన్నది పట్టుమని డజను మంది. అందులో ఈయనొకరు. కుర్చీ పోయింది.

1938 జూలైలో ఓ ప్రకటన వెలువడింది. ఇటలీ ప్రజలది స్వచ్ఛమైన జాతి, యూదులు అందులోకి రారు అని దాని సారాంశం. ఆ వెనకే చట్టాలొచ్చాయి. యూదు పిల్లలకు బడులు మూసుకున్నాయి, పంతుళ్లకు కొలువులు పోయాయి. ఇటలీ ఊళ్లనే ఇంటిపేర్లుగా మోస్తున్న మోడిల్యానీలు, పోంటెకోర్వోలు పరాయి దేశాలు పట్టిపోయారు. వోల్టెర్రా 1940లో రోములోనే కన్నుమూశారు.

ప్రకటనను బలపరిచిన పండితులంటూ ఫాసిస్టు పార్టీ 10 మంది పేర్లు బయటపెట్టింది. వారిలో జాతీయ గణాంక సంస్థ అధ్యక్షుడు ఫ్రాంకో సావోర్న్యాన్ ఒకరు. ఈయన ఇంటిపేరూ ఊరిదే, ఫ్రియూలీలోని సావోర్న్యానోది. ఈయన కూడా ఆ ఊళ్లో పుట్టలేదు. 1879లో ట్రియెస్టేలో పుట్టారు.

అప్పటికి ట్రియెస్టే ఆస్ట్రియాది.