స్టూడియో పెట్టి పేరు తెచ్చుకునే విధానం

ముందు బోర్డు చేయించండి. మైకుల సంగతి తర్వాత. మీ పేరు పక్కన ‘ప్రొడ్యూసర్’ అని పెద్దక్షరాల్లో ఉండాలి. ‘ఇంజినీరు’ అని రాస్తే ఏసీ బాగుచేయమని వస్తారు.

ఈ విషయంలో షికాగో రికార్డింగ్ ఇంజినీరు స్టీవ్ అల్బినీ ఎలా చెడిపోయాడో చూడండి. నిర్వాణా బ్యాండు ఆల్బమ్ చేయాలనుకుంటే, అమ్మకాల్లో వాటా నాకొద్దు, ప్లంబరుకి ఇచ్చినట్టు చేసిన పనికి డబ్బులివ్వండి చాలని 1992లో ఉత్తరం రాశాడు. 1993 ఫిబ్రవరిలో మినెసోటా వెళ్లి, దాదాపు రెండు వారాల్లో ‘ఇన్ యుటెరో’ ముగించేశాడు. అది లక్షల్లో అమ్ముడుపోయింది. ఈయనేమో 2024లో పోయేదాకా మెకానిక్కుల ఓవరాల్ వేసుకుని మైకులు సర్దుకుంటూనే ఉన్నాడు. బతకనేర్చినవాడు చేసే పనేనా అది?

గది గురించి బెంగ వద్దు. గోడలకి గుడ్ల అట్టలు అతికించండి. పక్కింటి మిక్సీ మోత వాటికి ఆగదు, బేస్ గిటారు గుబగుబ తగ్గదు, కానీ ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటాయి. అల్బినీ 1997లో తన స్టూడియో ఎలక్ట్రికల్ ఆడియో తెరిచినప్పుడు గోడలకి న్యూ మెక్సికో నుంచి మట్టి ఇటుకలు తెప్పించాడట. ఇటుకల్ని చూసి లైకు కొట్టేదెవరు?

డ్రమ్ముల దగ్గర చాదస్తం ఎక్కువ. స్నేర్ డ్రమ్ముకి పైనొక మైకు, కిందొక మైకు పెడతారు. కర్ర తగలగానే తోలు పై మైకుకి దూరంగా, కింది మైకు వైపుగా కదులుతుంది. దాంతో రెండు మైకులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని దెబ్బ డొల్లగా వినిపిస్తుంది. కింది మైకుకి ఫేజ్ బటన్ నొక్కితే సరిపోతుంది, కానీ ఎందుకు నొక్కాలి? దాని మీద కొన్న శాంపిల్ ఒకటి అతికించేయండి. డ్రమ్మరుతో మాత్రం అనకండి, పాపం బాధపడతాడు.

పాడే అమ్మాయి వచ్చాక అసలు పని మొదలు. ‘ఊరికే ఒకసారి పాడమ్మా, లెవెల్ చూసుకుంటా’ అంటారు కదా, ఆ రోజుకి మంచి టేక్ తరచూ అప్పుడే వస్తుంది. అందుకే అప్పుడు రికార్డ్ నొక్కకూడదు. ‘అన్నా, హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు నాకు వినపడట్లేదు’ అంటే, ‘నాకు వినపడుతోందిగా తల్లీ’ అనండి. గొంతు బొంగురుపోయేదాకా పాడించి ఆటోట్యూన్ వేయండి, స్పీడు సున్నాలో పెట్టి. గమకం చచ్చిపోతుంది, కానీ శ్రుతి పోయిందని ఎవరూ అనలేరు.

చిరిగిన స్పీకరుతో గిటారు ఆంప్లిఫయర్ ఎవరైనా తెస్తే గుమ్మంలోంచే పంపేయండి. 1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ అలాంటిదానిలోనే కాగితాలు కుక్కి, ఆ గరగరతోనే ‘రాకెట్ 88’ రికార్డు చేశాడు. తొలి రాక్ అండ్ రోల్ పాట అదేనని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మనకెందుకొచ్చిన గొడవ!

మాస్టరింగంటే మీటరు ఎర్రగా వెలగడం, అంతే. స్పాటిఫై ఎలాగూ సౌండు దించేస్తుంది, నలిగిన పాట మాత్రం నలిగినట్టే మిగులుతుంది.

ఇక దాచుకోవడం. కంప్యూటరు ఫైళ్లని నమ్మలేక అల్బినీ చివరిదాకా రీలు టేపునే పట్టుకు వేలాడాడు. మీకు ఒక్క హార్డ్ డిస్క్ చాలు. నిండగానే పాతవి చెరిపేయండి. ఐదేళ్లకి ఆ అమ్మాయే ఫోన్ చేసి, ‘అన్నా, నా పాట ట్రాకులు ఉన్నాయా?’ అంటే ఉన్నాయనే చెప్పండి. వెతికినందుకు చార్జీ ఎంతో ముందు తేల్చుకోండి, అడ్వాన్సు అందాక డిస్క్ పాడైందని చెప్పొచ్చు.