మహారాజశ్రీ హమ్ముగారికి బహిరంగ లేఖ

రాజమండ్రిలో ఒక పాత ఇంటి మేడగదిలో స్టూడియో పెట్టుకున్నవాడు వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటే చాలు, గుయ్‌మని మీరే చెబుతున్నారు.

గౌరవం ఇక్కడితో సరి. మా పిన్ని పాట పాడుచేసినవాడివి కాబట్టి ఇకమీదట 'నువ్వు' అనే పిలుస్తాను.

నీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. మన దేశంలో ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూఇటూ ఊగుతుంది. ఆ ఊపులోంచి పుట్టినవాడివి నువ్వు. అమెరికాలో నీ దాయాది 60 దగ్గర మొదలవుతాడు. ఒక్కడివే వస్తే చిన్న స్పీకర్లలో వినపడేవాడివే కాదు. 100, 150, 200 అంటూ పిల్లాజెల్లాతో దిగుతావు. అదీ నీతో తంటా.

దసరాకు ముందు పిన్ని వచ్చింది. అయిదు శ్రుతి గొంతు. పూజగదిలో పాడటమే తప్ప మైకు ముందు ఎన్నడూ పాడలేదు. బతిమాలి కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టాను. రెండు నిమిషాలు విని తీసేసింది.

"నీ తంబురా కుదరలేదురా. ఊగుతోంది."

"అది ల్యాప్‌టాప్‌లో తంబురా పిన్నీ, తప్పడానికి వీల్లేదు" అన్నాను.

"ఎందులోదైతేనేం, ఊగుతోంది" అంది.

పిన్నిదే నిజం. అయిదు శ్రుతిలో ఆధార షడ్జం సుమారు 196 హెర్ట్జ్. నీ సంతానంలో ఒకడు 200. దగ్గరదగ్గరగా ఉన్న రెండు ధ్వనులు కలిసి మోగితే, వాటి మధ్య ఎంత తేడా ఉంటే సెకనుకు అన్నిసార్లు శబ్దం పొంగి తగ్గుతుంది. ఇక్కడ నాలుగు సార్లు. కింద మంద్ర షడ్జం 98, దాని పక్కన నీ 100. అక్కడ రెండు సార్లు. తంబురా తీగ బిగించేవాళ్ళు చెవి ఒగ్గి వినేది ఈ ఊగులాటనే. అది ఆగితే శ్రుతి కుదిరినట్టు. పిన్నికి రెండు నిమిషాల్లో దొరికిపోయావు. నేను ఆరు నెలలుగా నిన్ను వింటున్నా, ఈ ఊగులాటను మాత్రం పట్టుకోలేకపోయాను.

ఆ ఆరు నెలల్లో నీమీద చేసిన దండయాత్రలు చెప్పుకుంటే సిగ్గుచేటు. మైకు మార్చాను. కొత్త మైకు వెనకా నువ్వే. గోడలకు ఫోమ్ అంటించాను. గదిలో ప్రతిధ్వని తగ్గింది గానీ, తీగల్లో వచ్చేవాడిని ఫోమ్ ఏం ఆపుతుంది? 80 హెర్ట్జ్ కింద కోసే ఫిల్టర్ పెట్టాను. నువ్వు తగ్గావు, నీ పిల్లలు నిలిచారు. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ వేశాను. ఆగకుండా ఒకే తీరుగా మోగేదంతా దాని లెక్కలో రొదే. నీతోపాటు తంబురానూ మింగేసింది. మిగిలిన గొంతు నీళ్ళతొట్టిలోంచి పాడినట్టు వచ్చింది.

ఒకాయన ప్లగ్గుకుండే మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచెయ్యమని సలహా ఇచ్చాడు. విరిస్తే ఒక్కోసారి నువ్వు పోయే మాట నిజమే. కానీ ఏదో ఒకరోజు లోపల ఫేజు తీగ ఊడి రేకుకు తగిలితే, మైకుకు పెదవులు ఆనించి పాడేవాళ్ళూ పోతారు. ఆ బేరం నాకొద్దు.

చివరికి మా వీధి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. అతను నా మిక్సర్ వైపు కూడా చూడలేదు. బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి, ఒకటి ఫేజులో, రెండోది సాకెట్‌లో పైనుండే పెద్ద కన్నంలో పెట్టాడు. బల్బు వెలగలేదు.

"ఇది ఉత్త కన్నమేనండి. వెనకాల ఎర్త్ తీగ లేదు" అన్నాడు.

ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ రేకు మీద చెయ్యి రాస్తే జివ్వుమనడం, చెయ్యి ఆనిస్తే నీ గొంతు తగ్గడం, అన్నీ దానికి ఆనవాళ్ళేనట. రోజూ చూస్తూనే ఉన్నాను, చదవడం రాలేదు.

పెరట్లో గొయ్యి తవ్వించి, పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేయించి, మేడదాకా ఎర్త్ తీగ లాగించాను. సగం తగ్గావు. మిగతా సగానికి కారణం నేనే. మిక్సర్ ఒక గోడకు, ల్యాప్‌టాప్ ఎదుటి గోడకు గుచ్చాను. రెంటికీ ఎర్త్, రెంటినీ కలుపుతూ ఆడియో కేబుల్. దాంతో చుట్టు పూర్తయింది. అందులో నువ్వు గానుగెద్దులా తిరుగుతున్నావు. అన్నింటినీ ఒకే బోర్డుకు మార్చాను. కరెంటు తీగల పక్కన పడుకున్న ఆడియో కేబుల్‌ని దూరంగా జరిపాను.

నీలో మిగిలిన ఆఖరి ముక్కకు డీఐ బాక్స్ పెట్టాను. అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపుల ఎర్త్‌లనూ కలవనివ్వకుండా పాటను మాత్రం దాటిస్తుంది. అక్కణ్ణుంచి బ్యాలెన్స్‌డ్ కేబుల్: ఒక తీగలో పాట తిన్నగా, రెండో తీగలో తలకిందులుగా. నువ్వు రెంటిలోనూ ఒకేలా దూరతావు. అవతలి కొసన ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే పాట మిగులుతుంది, నువ్వు కొట్టుకుపోతావు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. ఎర్త్ తీగ ఎక్కడెక్కడ లేదో వెతుకుతూ ఆ ఎలక్ట్రీషియన్ కింది బాత్‌రూమ్‌కీ వెళ్ళాడు. మా గీజరు కూడా ఉత్త కన్నానికే గుచ్చి ఉంది. ఇంటిల్లిపాదీ ఇన్నేళ్ళూ దాని కిందే స్నానాలు చేశాం. ఆరు నెలలు నువ్వు గొంతు చించుకుని చెప్పింది ఇదేనేమో. నేను నీ నోరు నొక్కడానికే డబ్బు తగలేశాను.

ఇంట్లో స్టూడియో పెట్టుకునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ లేఖ చదివి వినిపించు. మైకు ధర అడిగేముందు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఆ పై కన్నం ఒకసారి చూపించుకోమను. పాట శుభ్రం రికార్డు బటన్ నొక్కకముందే తేలిపోతుంది. తర్వాత తుడిస్తే పోయేది మరకే కాదు, బట్ట కూడా.

ఇట్లు,
మేడగదివాడు

తా.క.: మే నెలలో మళ్ళీ సన్నగా వినిపించావు. గొయ్యి ఎండిందేమోనని రెండు బిందెల నీళ్ళు పోశాను. తగ్గావు. మర్నాడు పిన్ని పాడింది.