మూడో చెయ్యి

మాది రెండు పడగ్గదుల ఫ్లాటు. అందులో ఏడు డ్రమ్ సెట్లున్నాయి. చీపురుకి ఒక్కటీ అడ్డం రాదు, దుమ్ము పట్టదు, వానాకాలం తోలు మెత్తబడదు. ఏడూ లాప్‌టాప్‌లోనే కాపురం. అసలు సిసలు డ్రమ్ సెట్టు కొందామని ఒకప్పుడు అనుకోకపోలేదు గానీ, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వారు కుక్కర్ విజిల్ మీద కూడా సర్క్యులర్ తియ్యగల సమర్థులు. అందుకని వర్చువల్ డ్రమ్స్‌లోకి దిగాను.

ఇదేమిటో తెలియనివారికి చెబుతాను. ఎక్కడో ఒక గొప్ప స్టూడియోలో చెయ్యి తిరిగిన డ్రమ్మరొకడు కూర్చుని ప్రతి డ్రమ్మునీ మెల్లగా, కాస్త గట్టిగా, ఇంకాస్త గట్టిగా, చివరికి కసిదీరా కొడతాడు. చుట్టూ మైకులు పెట్టి ఆ దెబ్బలన్నీ విడివిడిగా రికార్డు చేసి, మూటగట్టి మనకి అమ్ముతారు. మనం తెర మీది గడుల్లో చుక్క పెడితే ఆ చుక్కకి తగ్గ దెబ్బ మోగుతుంది. నా దగ్గరున్నవాటిలో భారీది స్వీడన్‌కి చెందిన టూన్‌ట్రాక్ కంపెనీ వారి సుపీరియర్ డ్రమ్మర్ 3. అందులోని దెబ్బల్ని జార్జ్ మాసెన్‌బర్గ్ అనే పేరుమోసిన సౌండ్ ఇంజినీరు బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోస్‌లో రికార్డు చేశాడు. అంతా కలిపి 230 జీబీ పైచిలుకు. వెనకటికి జమీందార్ల లోగిళ్ళలో బెల్జియం అద్దాలుండేవి. మా ఇంట్లో బెల్జియం చప్పుడుంది.

దానికి చోటు చెయ్యడానికి మా అబ్బాయి అన్నప్రాశన వీడియోల్ని పెన్‌డ్రైవ్‌లోకి పంపేశాను.

"ఏవండీ, పిల్లాడి వీడియోలు తీసేసి అక్కడ ఏం పెట్టారు?" అంది మా ఆవిడ.

"గది," అన్నాను.

అబద్ధం కాదు. డ్రమ్ముకి దూరంగా పెట్టిన మైకుల్లో ఆ హాలు గోడల నుంచి తిరిగొచ్చిన మోత కూడా విడిగా రికార్డు చేసి ఉంటుంది. "మనకున్న గదులే తుడవలేక చస్తుంటే ఇంకోటి తెచ్చారా?" అని వెళ్ళిపోయింది.

ఈ చుక్కలు పెట్టే భాష పేరు మిడి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600నీ, జపాన్‌కి చెందిన రోలాండ్ వారి జూపిటర్-6నీ ఒక తీగతో కలిపి, ఒకదాని మీట నొక్కితే రెండోది పలికేలా చేశారు. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదాని మాట ఇంకొకటి వినడం అప్పట్లో వింతే. తోడికోడళ్ళు ఒకే పొయ్యి మీద వండుకున్నంత సామరస్యం. దీనికి మూలపురుషులైన డేవ్ స్మిత్‌కీ, ఇకుతారో కకెహషికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ముప్ఫయ్యేళ్ళు పట్టింది, అయినా ఇచ్చారు.

ముఖ్యంగా తెలుసుకోవలసింది ఏమిటంటే, మిడిలో శబ్దం ఉండదు. ఎన్నో నంబరు వాయిద్యం, ఏ క్షణాన, ఎంత గట్టిగా అన్న ఆజ్ఞలే ఉంటాయి. గట్టిదనం 1 నుంచి 127 దాకా. సున్నా పెడితే నోరు మూసుకోమని. ఆ ఆజ్ఞల్ని ఎవరి చేత పలికించాలన్నది వినేవాడి యంత్రం ఇష్టం. ఈ సంగతి గుంటూరులో ఉన్న మా బావమరిదికి ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఆ వేదాంతం తర్వాత, ముందు నీ బీటు పంపు బావా, వింటాను" అన్నాడు. మిడి ఫైలు పంపాను. పావుగంటలో ఫోను.

"విన్నాను బావా. పియానో చాలా బాగా వాయించావు. మనసు కలుక్కుమంది. తెలిసినవాళ్ళెవరైనా పోయారా?"

నేను పంపింది తీన్మార్.

జరిగిందేమిటంటే, జనరల్ మిడి అనే ఒప్పందం ప్రకారం పదో ఛానెల్ డ్రమ్ములది. ఈ ఫైలు ఒకటో ఛానెల్ మీద ప్రయాణం చేసింది. పదో ఛానెల్లో 36 అంటే బేస్ డ్రమ్ము, 38 అంటే స్నేర్. ఒకటో ఛానెల్లో అవే నంబర్లు పియానో ఎడమ వైపు మంద్రస్వరాలు. వినాయక నిమజ్జనానికి పనికొచ్చే దరువు మా బావమరిది ఫోన్లో సంతాపసభ అయి కూర్చుంది. ఇంకోసారి పంపుతానంటే, "వద్దు బావా, ఇదే బాగుంది" అన్నాడు.

ఈ జనరల్ మిడి మీద నాకో పాత కక్ష ఉంది. 1991లో రాసుకున్న ఆ ఒప్పందంలో తాళవాద్యాలకి 35 నుంచి 81 వరకు 47 నంబర్లు కేటాయించారు. జాబితా చదివితే ఒళ్ళు మండుతుంది. ఈలకి రెండు నంబర్లట: పొట్టి ఈలకి 71, పొడుగు ఈలకి 72. బ్రెజిల్ వారి కుయీకాకి మూసినదొకటి, తెరిచినదొకటి. గాడిద దవడ ఎముకని గిలక్కొట్టి వాయించే పాతకాలపు వాయిద్యానికి వారసురాలైన వైబ్రాస్లాప్‌కి 58. మృదంగానికి లేదు. తబలాకి లేదు. డోలు, డప్పు, కంజీర, ఎవరికీ లేదు. పోనీ తాళం వేసేవాళ్ళని మర్చిపోయారు, పాడేవాళ్ళని తలుచుకున్నారేమో అని మిగతా జాబితా చూస్తే, సితారుకి 105, షెహనాయికి 112 దక్కాయి. ఆ తర్వాత టెలిఫోన్ గంటకి 125, హెలికాప్టర్‌కి 126, చప్పట్లకి 127, తుపాకీ పేలుడుకి 128. కచేరీలో హెలికాప్టర్ పక్కవాద్యం వాయించే దేశమేదో నాకు తెలియదు. ఉంటే వాళ్ళకి మాత్రం లోటు లేదు.

సరే, డప్పు శబ్దాలు వేరేగా సంపాదించి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకున్నాను. అసలు డప్పుని వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు తెప్పిస్తారు. నా లాప్‌టాప్‌కి ఆ పని అక్కర్లేదు, దానంతటదే కాగుతుంది. మృదంగం దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఎడమ మూత మీద దెబ్బ పడ్డాక అరచేత్తో నొక్కి సాగదీస్తే వచ్చే గుముకి ఉందే, దాన్ని చుక్కలతో రాయడం ఎలా? చుక్క పడింది, మోగింది, అయిపోయింది. అందుకని స్వరాన్ని వంచే పిచ్ బెండ్ ఆజ్ఞల్ని వాడాలి. వంపుకి 16,384 మెట్లు. ఓ రాత్రంతా కూర్చుని ఒక గుముకి చెక్కాను. ఉదయం వాకింగ్‌లో కలిసే మృదంగ విద్వాంసులొకరికి హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు. "కడుపులో ఏదో తేడాగా ఉన్నట్టుంది నాయనా దీనికి. వాము నమిలించు" అన్నారు.

లాప్‌టాప్‌లోని ఈ డ్రమ్మరుతో సుఖాలు లేకపోలేదు. టిఫిన్ అడగడు. పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కోడు. రిహార్సల్‌కి వచ్చి మధ్యలో ఫోనెత్తి బయటికి వెళ్ళిపోడు. కానీ వాడికి ఒళ్ళు లేదు, అక్కడే తంటా. ఒళ్ళున్నవాడికి ఎడంచెయ్యి కుడిచెయ్యంత బలంగా పడదు, పాట చివరికొచ్చేసరికి భుజం లాగుతుంది, చరణంలో మెల్లగా వాయించి పల్లవి రాగానే ఉత్సాహం వస్తుంది. ఇవన్నీ మనమే నంబర్లలో రాసివ్వాలి. గడులన్నిటా వంద బలంతో వరసగా చుక్కలు పెట్టేస్తే అదే దెబ్బని పదహారుచోట్ల అతికించినట్టు వినిపిస్తుంది. ఈ విద్యలో దాన్ని మెషిన్‌గన్ అంటారు. విరుగుడుగా ఒకే బలానికి అనేక దెబ్బలు రికార్డు చేసి వంతులవారీగా మోగించే ఏర్పాటుంది, దాని పేరు రౌండ్ రాబిన్. ఇక హ్యూమనైజ్ అని ఒక మీట. నొక్కితే దెబ్బలు కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ జరుగుతాయి.

మా ఊరి రామాలయం భజనలో ఒక పెద్దాయన ఉండేవారు. తాళం తప్పుతున్నాడని చిడతలు లాక్కుని ఆయన్ని స్తంభం వెనక కూర్చోబెట్టేవారు. ఇప్పుడుంటే సాఫ్ట్‌వేర్ కంపెనీలవారు పల్లకీ పంపి తీసుకెళ్ళేవారు. కాకపోతే నా మట్టుకి ఆ మీట దండగ. అది పాచికలు వేస్తుంది. మంచి డ్రమ్మరు పాచికలు వెయ్యడు. స్నేర్‌ని వెంట్రుకవాసి ఆలస్యంగా వేసేవాడైతే ప్రతిసారీ అంతే ఆలస్యంగా వేస్తాడు, వినేవాడికి అది లయలో భాగమైపోతుంది. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎం-1 యంత్రం నిజమైన డ్రమ్ముల శబ్దాల్ని చిప్పుల్లో దాచుకున్న మొదటిది. తప్పిన దెబ్బని లాక్కొచ్చి గీత మీద నిలబెట్టే ఏర్పాటూ అందులో ఉంది. అప్పట్నుంచీ ఈ పరిశ్రమ ఓ చేత్తో దెబ్బల్ని సరిచేసే మీటలు, ఇంకో చేత్తో చెడగొట్టే మీటలు అమ్ముతోంది. నేను రెండూ కొన్నాను.

చుక్కలు పెట్టి పెట్టి విసుగొచ్చి రబ్బరు ప్యాడ్లు తెచ్చుకున్నాను. వేళ్ళతో కొడితే మిడి ఆజ్ఞలు వెళ్తాయి, శబ్దం హెడ్‌ఫోన్లోకి వస్తుంది. వస్తుంది గానీ ఆగి వస్తుంది. కంప్యూటరు శబ్దాన్ని ఒక్కో గుప్పెడుగా అందిస్తుంది. గుప్పెడు 1,024 శాంపిల్స్ అనే శబ్దపు తునకలైతే, సెకనుకి 44,100 చొప్పున, ఒక్క గుప్పెడుకే దాదాపు 23 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో గాలిలో శబ్దం ఎనిమిది మీటర్లు ప్రయాణం చేస్తుంది. అంటే వేలు మన బల్ల మీద, డ్రమ్ము పక్కింటివారి వంటగదిలో. గుప్పెడుని 64కి తగ్గిస్తే డ్రమ్ము మనింటికొచ్చేస్తుంది గానీ, పాత లాప్‌టాప్ అయితే పోపులో ఆవాలేసినట్టు చిటపటలాడుతుంది.

రాత్రి పదకొండు దాటాక, హెడ్‌ఫోన్ పెట్టుకుని, లోకానికి ఏ ఇబ్బందీ లేకుండా సాధన చేస్తున్నానని నా నమ్మకం. ఓ రోజు కింది ఫ్లాటావిడ లిఫ్టు దగ్గర పట్టుకుంది.

"అన్నయ్యగారూ, ఏమనుకోకండి. రాత్రిళ్ళు మీ ఇంట్లో రోట్లో పచ్చడి నూరుతున్నారా? మా పడగ్గది మీదే పడుతోంది."

నాకు వినిపించేది బెల్జియం డ్రమ్ము. ఆవిడకి వినిపించేది బల్ల. మిడి చరిత్ర అంతా లిఫ్టు దగ్గర చెప్పే వీలులేక, "అవునమ్మా, గోంగూర" అన్నాను. మర్నాడు వాళ్ళమ్మాయి మూతతో సహా స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. మా ఆవిడ నా వైపు ఒక్క చూపు చూసి, మిక్సీ ప్లగ్గు పెట్టింది. ఇప్పుడు బల్ల కింద పాత దుప్పటి నాలుగు మడతలు.

మా ఆవిడకి ధైర్యం చెప్పడానికి నేను తరచు చరణ్‌జిత్ సింగ్ కథ చెబుతుంటాను. బొంబాయి సినిమా సంగీతకారుడు. 1982లో డ్రమ్ యంత్రమూ సింథసైజర్లూ పెట్టుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. "చూశావా, 28 ఏళ్ళు!" అన్నాను.

"మంచిదే," అంది. "అప్పటిదాకా గ్యాస్ బుక్ చెయ్యడం లాంటివి మీరు చూసుకోవచ్చుగా."

మా పై అంతస్తులో ఒక కుర్రాడున్నాడు. పెళ్ళి ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాడు. వాడి ఒళ్ళో చేతులూ, నేల మీద కాళ్ళూ ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కొత్త పాట వినిపిస్తే, మొదటి చరణం దాకా తలూపి, ఖాళీని నింపే ఫిల్ రాగానే ఆపమన్నాడు. తెర దగ్గరికి వంగి వేలు పెట్టాడు. ఒకే నిలువుగీత మీద మూడు చుక్కలు: 38 స్నేర్ డ్రమ్ము, 42 హైహ్యాట్ తాళాలు, 49 క్రాష్ తాళం.

"అంకుల్, హైహ్యాట్ మీద కుడిచెయ్యి. స్నేర్ మీద ఎడంచెయ్యి. మరి క్రాష్ కొడుతున్నదెవరు?"

"బాణాసురుడు," అన్నాను.

వాడికి తెలియకపోతే చెప్పాను. శివుడు తాండవం చేస్తుంటే వెయ్యి చేతులతో వాద్యాలు వాయించి మెప్పించినవాడు. శ్రీకృష్ణుడు నరకగా నాలుగు చేతులు మిగిలాయని భాగవతం చెబుతోంది. నాలుగంటే డ్రమ్ సెట్టుకి ధారాళంగా సరిపోతాయి, కాళ్ళు అదనం.

కుర్రాడు గంభీరంగా విని, "డేట్లు దొరుకుతాయా అంకుల్ ఆయనవి?" అన్నాడు. ఆ తర్వాత మౌసు లాక్కుని 42ని 44 చేశాడు. 44 అంటే కాలితో మూసే హైహ్యాట్. మూడో చెయ్యి ఎడంకాలిలోకి దిగిపోయింది. ఏడు సెట్లూ పెట్టుకుని నేను చూడనిది వాడి మోకాలు చూసింది. అలాగే పాటంతా తిరిగి నాలుగైదు చోట్ల చుక్కలు తీసేశాడు. కొత్తగా ఒక్కటీ పెట్టలేదు. "ఇక్కడ ఊపిరి పీల్చుకోవాలంకుల్" అన్నాడు, డ్రమ్మరు ఊపిరి ఎక్కడ పీలుస్తాడో నేనెప్పుడూ లెక్క చూసుకోలేదు.

ట్రాకు బాగుందని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళాడు. మాఘమాసంలో ఒక పెళ్ళికి పిలిస్తే వెళ్ళాం. స్టేజీ మీద మా లాప్‌టాప్ దరువు పెద్ద స్పీకర్లలో మోగుతోంది. కుర్రాడు దాని మీద ప్యాడ్లతో మెరుపులు వేస్తున్నాడు, పెళ్ళికొడుకు తరఫు బాబాయిలు కండువాలు నడుముకి బిగించి చిందులు. జనం ఈల మీద ఈల. పొట్టివీ, పొడుగువీ. భోజనాల దగ్గర కుర్రాణ్ణి పక్కకి పిలిచి, ఆర్కెస్ట్రావాళ్ళిచ్చిన దాంట్లో నా వాటా ఎంతో అడిగాను.

వాడు పెరుగన్నం కలుపుతూ తలెత్తి, "మీరేం కొట్టారంకుల్?" అన్నాడు.